భయపెట్టే కోత, బుజ్జగించే కోత

మా పెద్దనాయనకు అనంతపురం జిల్లాలో నాలుగెకరాల చీనీ తోట ఉండేది. నల్గొండ వాళ్లు బత్తాయి అంటారు, మాకు చీనీ. నవంబరు నెలాఖరుకు ఆయన మోటారు ఆపేసేవాడు. ఆపి ఊరుకుంటే సగం పనేనట. డిసెంబరులో ఇద్దరు కూలీలను పెట్టుకుని ఒక్కో చెట్టు పాదూ తెరిచేవాడు. మాను చుట్టూ మూరెడు దూరం దాకా, బెత్తెడు లోతున మట్టి లాగి అంచుకు పోసేవాళ్లు. అరపరీక్షల సెలవుల్లో నేను పాదు పక్కన గొంతుక్కూచుని చూసేవాణ్ని. బొటనవేలు లావు వేర్లు నాలుగైదు, వాటి ఒళ్లంతా పీచు. పీచు కొసలు లేత పసుపు రంగులో, తడితడిగా, అప్పుడే నిద్ర లేచినట్టుండేవి. పొద్దెక్కేలోపు ఆ పసుపు గోధుమరంగుకు తిరిగేది. మధ్యాహ్నానికి వేలితో నలిపితే పొడి. పారకు అడ్డమొచ్చిన పీచును కొడవలితో కోసి గట్టు మీద పారేసేవాళ్లు.

"దానికి నొప్పి పుట్టదా పెద్దనాయనా?" అని అడిగాను ఒకసారి.

"పుట్టల్లనే గదప్పా చేసేది. చెట్టుకు రొంత భయం పెట్టల్ల. లేకుంటే ఆకులేసుకుంటా కూచుంటాది గానీ కాయ ఇయ్యదు."

ఈ మాట చాలా ఏళ్లు నాతో ఉంది. దాని పక్కన పెట్టి చూసుకోదగ్గ ఇంకో మాట ఈమధ్య అనుకోకుండా దొరికింది. మా చిన్నమ్మ కొడుకు నగోయాలో కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. ఏ ప్రతిపాదననైనా మీటింగులో పెట్టే ముందు ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వెళ్లి మాట్లాడి, అభ్యంతరాలు విని, ఒప్పించుకుని రావాలట. మన దగ్గర ‘ముందే చెవిన వేసి ఉంచడం’ అంటామే, అలాంటిది. దానికి అక్కడ ‘నెమవాషి’ అని పేరు. ‘నె’ అంటే వేరు, ‘మవాషి’ అంటే చుట్టూ తిరగడం. ఆఫీసుల్లోకి రాకముందు అది తోటమాలుల మాట. పెద్ద చెట్టును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చాలంటే చాలా నెలల ముందే, ఒక్కోసారి ఏడాది రెండేళ్ల ముందే, దాని చుట్టూ తవ్వి, వేర్లు కోసి, మళ్లీ మట్టి కప్పి, కదిలించకుండా వదిలేస్తారు. ఆ పని పేరు నెమవాషి.

రెండు చోట్లా పని ఒకటే. మట్టి తీయడం, వేరు కోయడం, మట్టి కప్పడం. పెద్దనాయన కోత మాత్రం చెట్టును భయపెడుతుంది, జపాన్ తోటమాలి కోత బుజ్జగిస్తుంది. వేరుకోత మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే నాకు చిరాకు వచ్చేది అందుకే. ఏ కోత అని ముందు చెప్పాలి కదా. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే చెట్టుకు ఏమవుతుందో తెలుస్తుంది. మట్టికి ఏమవుతుందో అంతకన్నా బాగా తెలుస్తుంది. మట్టి సంగతి మనవాళ్లు సాధారణంగా అడగరు.

ముందు చెట్టు సంగతి. కొమ్మకూ వేరుకూ మధ్య ఎప్పుడూ ఒక ఇచ్చిపుచ్చుకునే లెక్క నడుస్తుంటుంది. వేరు నీళ్లు, లవణాలు పైకి పంపుతుంది. ఆకు చక్కెర కిందికి పంపుతుంది. వాటితోపాటు కబుర్లూ వెళుతుంటాయి. వేరు కొసల్లో తయారయ్యే సైటోకైనిన్లు పైకెక్కి ‘చిగురెయ్యి’ అంటాయి. చిగుళ్లలో పుట్టే ఆక్సిన్ కిందికి దిగి ‘పక్కవేరు వెయ్యి’ అంటుంది. వేరు కోస్తే కొసలు పోయాయి కాబట్టి పైకి వెళ్లే సైటోకైనిన్ తగ్గుతుంది, చిగురు మందగిస్తుంది. పైనుంచి దిగే ఆక్సిన్ కోసిన చోటుకొచ్చి ఆగిపోతుంది, అక్కడే పోగవుతుంది. అందుకే కొత్త వేర్లు కోతకు కాస్త వెనకనే, గుత్తిగా పుడతాయి. కొమ్మ కొస తుంచితే పక్కకొమ్మలు వచ్చినట్టే. ఈలోగా నీళ్లు చాలక ఆకుల్లో అబ్‌సిసిక్ ఆమ్లం పెరుగుతుంది, ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, ఎదుగుదల ఆగుతుంది. ఆగిన ఎదుగుదల నుంచి మిగిలిన చక్కెర కొన్ని జాతుల్లో పూతకు మళ్లుతుంది.

ఐరోపాలో పియర్ తోటల వాళ్లు ఈ లెక్కను నేరుగా వాడుకుంటారు. కొమ్మల ఎదుగుదలను అణిచే రసాయనాన్ని అక్కడ ఆ పంట మీద నిషేధించాక, బెల్జియం, హాలండ్ రైతులు ట్రాక్టరుకు నిలువు కత్తి కట్టి చెట్ల వరుసకు అటూ ఇటూ వేర్లు కోసుకుంటూ పోవడం మొదలుపెట్టారు. కొమ్మ పొట్టిదవుతుంది, మరుసటేడు పూత పెరుగుతుంది. ఆ ఏడు నీళ్లు సరిగా పెట్టకపోతే కాయ సైజు పడిపోతుంది. భయపెట్టే కోతకు ఇది యంత్రపు రూపం, అంతకు మించి చెప్పేదేమీ లేదు.

పెద్దనాయన కోత మాత్రం చాలా పాతది, దానికి పంచాంగమూ ఉంది. బహార్ అంటారు. పారసీకంలో వసంతమని అర్థం, ఉర్దూ దారిన మన తోటల్లోకి వచ్చింది. నిమ్మజాతి చెట్టును వదిలేస్తే మన వాతావరణంలో ఏడాదికి రెండు మూడు సార్లు కొంచెం కొంచెంగా పూస్తుంది. రైతుకు ఒకేసారి, మంచి ధర పలికే కాలానికి, గంప నిండా కావాలి. అందుకని ఒక పూత ఎంచుకుని మిగతావి అణుస్తాడు. మామిడి పూసే వేళకు పూసేది అంబే బహార్, మృగశిర కార్తెకు పూసేది మృగ్ బహార్, హస్త కార్తె తర్వాత పూసేది హస్త బహార్. మా పెద్దనాయనది అంబే బహార్. నీళ్లు ఆపడం, పాదు తెరవడం, ఆకు వడిలి కొంత రాలాక పశువుల ఎరువు కలిపిన మట్టితో మళ్లీ కప్పడం, తేలిగ్గా ఒక తడి, తర్వాత నిండు తడి. మూడు వారాలు తిరిగేసరికి తోటంతా పూత వాసన. మరాఠీ రైతులు దీన్ని ‘తాణ్’ ఇవ్వడం అంటారు, మనం బెట్టకు వదలడం అంటాం.

బెట్టకే చెట్టు పూస్తోందా, వేరుకోతకు పూస్తోందా? ఈ రెండింటినీ విడదీసి చూడాలని మా పెద్దనాయనకు ఎప్పుడూ తోచలేదు. తోచక్కర్లేదు కూడా, ఆయన కాయలు అమ్ముకుంటున్నాడు. ఫ్లోరిడాలో సౌత్‌విక్, డావెన్‌పోర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు తాహితీ నిమ్మ మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. చలి తగిలినా పూత వస్తుంది, చలి లేకుండా నీటి ఎద్దడి తగిలినా పూత వస్తుంది. ఎద్దడి ఎంత గట్టిగా, ఎన్నాళ్లు ఉంటే పూత అంత. అక్కడ పార ప్రసక్తే లేదు. సిసిలీలో నిమ్మ రైతులు పాతకాలం నుంచీ చేస్తున్నదీ ఇదే. నడివేసవిలో నీళ్లు ఆపి, చెట్టు వడిలాక ఒక్కసారిగా తడిపెట్టి, అకాలపు పూత తెప్పిస్తారు. మరుసటి వేసవిలో ‘వెర్దెల్లి’ అనే పచ్చ నిమ్మకాయలు మార్కెట్లో మరెవరి దగ్గరా లేనప్పుడు వాళ్ల దగ్గర ఉంటాయి.

అంటే ఎర్రనేలలో పూత తెప్పించింది ఎండే, పార కాదు. పార ఆ ఎండను రెండు వారాలు ముందుకు జరిపిందంతే. నల్లరేగడిలో కథ వేరు. అక్కడ మట్టి తేమను పట్టుకుని కూచుంటుంది. నీళ్లు ఆపి నెల గడిచినా చెట్టు చలించదు. పాదు తెరిస్తే తప్ప బెట్ట తగలని నేలలవి. పైగా నల్లరేగడి తనే ఒక కత్తెర. వేసవిలో అది చేయి దూరేంతగా నెర్రెలిస్తుంది, ఆ నెర్రెలకు అడ్డంగా ఉన్న సన్నవేర్లన్నీ తెగిపోతాయి. ఏటా ఈ కోతకు అలవాటుపడ్డ చెట్టుకు రైతు కోత ఇంకొకటి అదనం. ఎర్రనేల చెట్టుకు అది పూర్తిగా కొత్త దెబ్బ. నాలుగు చినుకులకు తడిసి నాలుగెండలకు ఆరిపోయే మా చల్కాలో రెండు మూడు వారాలు నీళ్లు ఆపితే చాలు. అలాంటి నేలలో మట్టి లాగి వేర్లు కోయడమంటే తలుపు తెరిచే ఉన్నా కిటికీ బద్దలుకొట్టి ఇంట్లోకి దూకడమే. పెద్దనాయన బతికున్నప్పుడు ఈ మాట అనే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు మట్టి సంగతి. నిమ్మజాతి వేరుకు నూగు చాలా తక్కువ. ఆ లోటును ఒక జాతి శిలీంధ్రాలు పూడుస్తాయి. అవి వేరు లోపల కాపురం పెట్టి, బయట మట్టిలోకి వెంట్రుకకన్నా సన్నని దారాలు చాచి, భాస్వరాన్ని ఏరి తెచ్చి ఇస్తాయి. బదులుగా చెట్టు చక్కెర ఇస్తుంది. మట్టి రేణువులను ముద్దలుగా పట్టి ఉంచడంలోనూ ఆ దారాలకు భాగముంది. పీచు కోస్తే ఆ కాపురం కూలినట్టే. కోయకుండా ఎండబెట్టినా పైపొరలో ఉన్న దారాలకు దెబ్బే. నిమ్మజాతికి తిండి తెచ్చే వేర్లు ఎక్కువగా పై రెండడుగుల్లోనే ఉంటాయి కాబట్టి పార తగిలేది సరిగ్గా వాటికే.

ఇంకోటి కూడా ఉంది, నాకు అన్నింటికన్నా ఆసక్తి కలిగించేది అదే. కెన్యాలో బర్చ్ అనే మట్టి శాస్త్రవేత్త 1958లో ఒక సంగతి రాశాడు. బాగా ఎండిన మట్టిని తడిపితే, ఎప్పుడూ తడిగా ఉన్న మట్టిలో కన్నా ఎంతో ఎక్కువ వేగంతో సూక్ష్మజీవులు విజృంభించి సేంద్రియ పదార్థాన్ని కరిగిస్తాయి, నత్రజని ఒక్కసారిగా పొంగినట్టు విడుదలవుతుంది. ఎండలో చచ్చిన సూక్ష్మజీవులే బతికినవాటికి తొలి భోజనం. తొలకరికి మట్టివాసన గుప్పుమనే వేళ మట్టిలో నడిచే పనుల్లో ఇదొకటి. పాదు తెరిచి ఎండబెట్టి తడిపెట్టిన రైతు తెలియకుండానే ఈ పొంగును చెట్టు కాళ్ల దగ్గర పుట్టిస్తున్నాడు. పూత మొదలయ్యే వేళకు చెట్టుకు నత్రజని అందుతుంది. ఆ మేరకు పెద్దనాయన పద్ధతిలో తెలివి ఉందని ఒప్పుకోవాలి.

ఆ నత్రజని ఎక్కడి నుంచి వచ్చింది? నేలలో ఉన్న కాస్త సేంద్రియ పదార్థాన్ని కాల్చగా వచ్చింది. మా ఎర్రనేలల్లో సేంద్రియ కర్బనం అర శాతం కూడా ఉండదు. ఏటా దాన్నే కాలుస్తూ పోతే ఇంటి దూలం చీల్చి చలి కాచుకున్నట్టే. అందుకే మట్టి కప్పేటప్పుడు తట్టలకొద్దీ పశువుల ఎరువు కలపడం ఈ పద్ధతిలో విడదీయరాని భాగం. తీసుకున్న అప్పుకు అది వాయిదా. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక మా ఊళ్లో దిబ్బలు తరిగిపోయాయి. అప్పు తీసుకోవడం సాగింది, వాయిదా కట్టడం ఆగింది.

పాత పద్ధతిని తప్పుపట్టే ముందు దాంట్లో ఏ సగాన్ని మనం వదిలేశామో చూసుకోవాలి. వేరుకోతకు పేరుపడ్డ కీడులో చాలా భాగం ఆ వదిలేసిన సగానిది. అయినా అంతా దానిమీదికి నెట్టను. మా తోటలో ఒక ఏడు రోటవేటరు తిప్పించారు. ‘పాదు తీయించడం కన్నా చౌక’ అని ఎవరో చెప్పారు. దాని పళ్లు వేర్లను కోయలేదు, చీరాయి. ఆ తర్వాతి రెండేళ్లలో పదకొండు చెట్లకు కొమ్మలు పైనుంచి ఎండుతూ వచ్చాయి. తవ్వి చూస్తే వేరు బెరడు ఊడొచ్చింది, లోపల చెక్క ఊదాగోధుమ రంగులో, పులిసిన వాసనతో. వేరుకుళ్లు. దాన్ని తెచ్చే శిలీంధ్రం మట్టిలో ఎప్పుడూ ఉండేదే, దానికి కావలసింది ఒక గాయం.

మామిడి రైతులు వాడే కల్టార్ కూడా ఈ భయపెట్టే కుటుంబంలోదే. వేరు కోయరు, వేరు దగ్గర మందు పోస్తారు. అది జిబ్బరెల్లిన్‌ను అణిచి ఎదుగుదలను ఆపుతుంది. కోత కన్నా శుభ్రంగా కనిపిస్తుంది, నేలలో కోత కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. దాని గురించి వేరే వ్యాసమే రాయాలి.

నెమవాషి దగ్గరికొస్తే, నన్ను మొదట ఆకట్టుకున్నది దాని నెమ్మది కాదు, అది వేర్ల మధ్య చూపే తేడా. తోటమాలి మాను అడుగు వ్యాసానికి నాలుగైదు రెట్ల వెడల్పున ఒక వలయం గీసుకుని దాని వెంట తవ్వుతాడు. సన్న, మధ్యస్థ వేర్లను రంపంతోనో పదునైన కత్తితోనో నున్నగా కోస్తాడు. లావువేర్లలో మూడో నాలుగో, చెట్టు గాలికి పడకుండా నిలబెట్టేవాటిని, కోయడు. వాటి మీద బెత్తెడు, అంతకన్నా కాస్త ఎక్కువ మేర, చుట్టూ బెరడు మాత్రం వలిచేస్తాడు. లోపలి చెక్క అలాగే ఉంటుంది కాబట్టి నీళ్లు పైకి వెళుతూనే ఉంటాయి, చెట్టు నిలబడే ఉంటుంది. పైనుంచి బెరడు గుండా దిగే చక్కెర, ఆక్సిన్ మాత్రం వలిచిన అంచు దగ్గర ఆగిపోతాయి. ఆ అంచున ఉబ్బు కడుతుంది, ఉబ్బులోంచి తెల్లని కొత్త వేర్లు వస్తాయి. మనవాళ్లు జామకొమ్మకు, దానిమ్మకొమ్మకు గాలి అంటు కడతారే, అదే పని, వేరు మీద. ఇంత తెలిసినవాళ్లం, అంటు కట్టడంలో చేయి తిరిగినవాళ్లం, దాన్ని వేరు మీద ఎందుకు ప్రయత్నించలేదో నాకు అర్థం కాదు. బహుశా పెద్ద చెట్టును కదిలించాలన్న కోరికే మనకు ఉండేది కాదేమో. చెట్టు అడ్డమొస్తే దారి పక్కకు తిరిగేది.

వలయంలో మంచి మట్టి నింపి కప్పేశాక చేసేదేమీ ఉండదు. ఎదురుచూడటమే. సన్నవాటికి ఒక కాలం సరిపోతుంది. ముసలి చెట్టయితే ఈ ఏడు సగం వలయం, వచ్చే ఏడు సగం. ఆ కాలంలో మాను చుట్టూ ఉన్న మట్టి మారుతుంది. దూరంగా పరుచుకున్న పీచంతా ఇప్పుడు దగ్గరగా, ముద్దకట్టిన మట్టిలో ఒత్తుగా అల్లుకుంటుంది. కొత్త పీచుతోపాటు శిలీంధ్రాల కాపురమూ ఆ ముద్దలోనే మళ్లీ కుదురుతుంది. చెట్టును ఎత్తే రోజున ఆ ముద్దను వరిగడ్డి తాళ్లతో బిగించి చుడతారు. చెట్టుతోపాటు దాని ఊరి మట్టి కూడా ప్రయాణం కడుతుందన్నమాట. వలయం అవతల తెగి మిగిలిపోయిన వేర్లు అక్కడే కుళ్లి, నేలలో సన్నటి సొరంగాలై, నీటికీ వానపాములకూ దారులవుతాయి. ఇక్కడ కోసిన వేరు వృథా పోలేదు. మా పాదుల్లో కోసిన పీచును గట్టు మీద పారేసేవాళ్లమని ముందే చెప్పాను.

టోక్యోలో హిబియా పార్కు 1903లో తెరిచారు. దాని నమూనా గీసిన హోండా సెయిరోకు, రోడ్డు వెడల్పు కోసం కొట్టేయబోతున్న ఒక పెద్ద గింగో చెట్టును పార్కులోకి తరలిస్తానన్నాడు. బతకదన్నారు అందరూ. బతక్కపోతే నా మెడ తీసుకోండి అన్నాడాయన. సుమారు 450 మీటర్లు జరపడానికి 25 రోజులు పట్టింది. చెట్టు ఇప్పటికీ ఉంది, ‘మెడ పందెం గింగో’ అనే పేరుతోనే ఉంది. రోజుకు 18 మీటర్లు! మన దగ్గర కాంట్రాక్టరు ఎవరైనా ఆ వేగం చెబితే టెండరు తెరవరు.

అలాగని జపాన్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1960లో మిబోరో డ్యాం కింద మునిగిపోబోయే రెండు చెర్రీ చెట్లను, ఒక్కోటి సుమారు 450 ఏళ్లది, డ్యాం కడుతున్న సంస్థే ఎత్తైన గట్టుకు చేర్చింది. కొమ్మలూ వేర్లూ ఎంతగా కోశారంటే చూసినవాళ్లు ఇది తరలింపు కాదు, హత్య అన్నారు. మరుసటి వసంతంలో అవి చిగురించాయి. ఇవాళ వాటిని చూడటానికి జనం వెళుతున్నారు. చెట్టు మనం అనుకున్న దానికన్నా మొండిది. అయితే ఆ మొండితనాన్ని నమ్ముకోవడం పద్ధతి అనిపించుకోదు. ఇంకో ఫిర్యాదు కూడా నాకుంది. నెమవాషి ముచ్చటపడిన చెట్టుకే దక్కుతుంది. గుడి ముందు చెట్టుకు, పార్కు చెట్టుకు, ఎవరో ఒకరు మెడ పందెం కాసే చెట్టుకు. నాలుగెకరాల్లో నాలుగు వందల చెట్లున్నవాడు, మండీలో అడ్వాన్సు తీసుకున్నవాడు, ఒక్కో చెట్టుకు ఏడాది బుజ్జగింపు ఎక్కడ పెడతాడు? మా పెద్దనాయన కోతలో కనిపించే తొందర ఆయన స్వభావం కాదు, ఆయన అప్పు.

అయితే అప్పూ లేక, ముచ్చటా లేక జరిగే కోత ఒకటుంది. హైదరాబాద్‌లో మేముండే వీధిలో ఒక కానుగ చెట్టు ఉండేది. మురుగు కాలువ పైపు కోసం దాని వీధివైపు నుంచి కందకం తవ్వారు, మానుకు మూరెడు దూరంలో. జేసీబీ వెళ్లాక వేరు చూశాను. తొడలావు వేరు తెగలేదు, చిట్లింది. పొడవునా చీలికలు, కొస చీపురు పుల్లల్లా. రంపంతో కోసిన వేరు అంచున నెలరోజుల్లో ఉబ్బు కడుతుంది, కొత్త పీచు పెడుతుంది. ఇలా చిట్లిన చోట ఉబ్బు కట్టడానికి బెరడు అంచే సరిగా ఉండదు, చీలికల్లో నీళ్లు నిలిచి కుళ్లు లోపలికి పాకుతుంది. పైగా ఆ దూరంలో తెగినవి తిండి తెచ్చే వేర్లు కావు, నిలబెట్టే వేర్లు. కందకాన్ని కంకరతో పూడ్చి సిమెంటు పోశారు. మరుసటేడు ఆషాఢంలో, పెద్ద వాన కూడా కాదు, ఒక మామూలు గాలివానకు చెట్టు వీధి అవతలికి పడింది. ‘చెట్టు బలహీనంగా ఉంది’ అని రాసుకుని వెళ్లారు.

చేవెళ్ల మర్రిచెట్ల గొడవ ఇంతకన్నా పెద్దది. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే జాతీయ రహదారి మీద తొమ్మిది వందలకు పైగా మర్రులున్నాయి. రోడ్డు వెడల్పు చేయాలంటే వాటిని కొట్టాలా, ఉంచాలా, తరలించాలా అని ఏళ్లపాటు వాదం నడిచింది, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఆ వాదంలో ‘తరలిస్తాం’ అనే మాట చాలా సుఖంగా వినిపించేది. మర్రి తరలింపుకు ఓర్చుకునే జాతే, కొమ్మ పాతితే బతికే జాతి. కానీ మన దగ్గర తరలింపు అంటే చాలాసార్లు ఒక రాత్రి, ఒక క్రేను, ఒక ట్రెయిలరు. జపాన్ నుంచి మనం క్రేను తెచ్చుకున్నాం, ఆ ముందటి ఏడాది తెచ్చుకోలేదు. ఏళ్లు పట్టిన వాదంలో ఒక్క ఏడాది వలయం తవ్వి పెట్టడానికి కేటాయించి ఉంటే, చివరికి తరలించక తప్పనివాటికైనా పీచు మాను దగ్గరికి చేరి ఉండేది. తరలించనక్కర లేదని తీర్పొచ్చిన చెట్టుకు ఆ కొత్త పీచు వల్ల పోయేదేమీ లేదు.

ఈ రెండు కోతల కోవకూ చెందనిది ఇంకోటి గట్టు మీద జరుగుతుంది. జామాయిల్ వేసిన రైతు పక్కపొలంలో వేరుశనగ నాలుగైదు సాళ్లు ఎర్రబడి గిడసబారితే, వాళ్లిద్దరి మధ్య తగువుకు పరిష్కారం ఒక కందకం. చెట్టు వేరు పొరుగు చేలోకి రాకుండా ఏటా దున్ని తెంపుతారు. 1980ల చివర్లో హైదరాబాద్‌లో సుబాబుల్ వరుసల మధ్య జొన్న, ఆముదం, అలసంద వేసి పరిశోధకులు చూశారు. చెట్ల వరుస పక్కన, అర మీటరు లోతున, ప్లాస్టిక్ షీటు అడ్డం దించితే పంటకు జరిగే నష్టం పోయింది. నీడ కాదు, నీటి కోసం నేల కింద జరిగే పోటీయే అసలు కారణమని అలా తేలింది. ఇక్కడ కోత చెట్టు కోసం కాదు, మట్టి కోసమూ కాదు, పొరుగువాడి కోసం. దీన్ని భయపెట్టడమనలేం, బుజ్జగించడమనలేం, హద్దు చెప్పడమనొచ్చు.

పెద్దనాయన పోయాక తోట మా అన్న చేతికొచ్చింది. సగం చెట్లు తీసేసి కొత్తవి పెట్టాడు, డ్రిప్పు వేశాడు. డ్రిప్పు చెట్టు పీచంతా చుక్క పడే చోటనే, గంపంత జాగాలో ముద్దగా ఉంటుంది. ఆ గంప ఆరితే చెట్టుకు దాక్కునే చోటు లేదు. మా నేలలో వాల్వు కట్టేసిన పదో రోజుకే బెట్ట కనిపించడం మొదలవుతుంది. పార అక్కర్లేదు. పోయిన డిసెంబరులో వెళ్లినప్పుడు పొద్దున పదింటికి తోటంతా తిప్పాడు. ఆకు పట్టుకుని చూపించాడు, అంచులు లోపలికి తిరిగి దోనెలా ఉంది.

"పదింటికే ఇట్లుంటే ఇంకా వారం ఓర్చుకుంటాది. తెల్లారేసరికి కూడా విప్పుకోకుంటే నీళ్లిడిసేయల్ల," అన్నాడు.

"పాదులు తీయించవా మరి?"

"తీసి ఏం జేస్తావు? ఎరువు యాడుంది?"

పాదుల్లో ఎండుగడ్డి పరిచి ఉంది. వంగి ఒక చెట్టు కింద గడ్డి పక్కకు తోసి, వేళ్లతోనే రెండంగుళాలు మట్టి గీకాడు. పసుపు కొసలు, కొంచెం వాడి ఉన్నాయి గానీ బతికే ఉన్నాయి. చూసింది చాలన్నట్టు మట్టి వాటి మీదికి లాగి, అరచేత్తో ఒత్తి, గడ్డి మళ్లీ సర్దాడు.